లోపలి పేరు, బయటి చీటీ

దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్ళు చాపుకున్నా పర్వాలేదు గానీ చేతిలో ఫోను మాత్రం బోర్లా పెట్టండి. ఇది చెవులతో వినాల్సిన ముచ్చట. మధ్యలో అది మోగితే నాకు వరస తప్పదు, మీకే రుచి తప్పుతుంది. (నాకు వరస తప్పదని గొప్పకు చెప్పడం లేదు. చదివింది ఏడో తరగతి, అదీ సగం. కానీ ఒకసారి విన్నది, చూసింది, తిన్నది మర్చిపోయిన పాపాన పోలేదు. ఎవరు ఏ రోజు ఏ కూరకు వంక పెట్టారో ఇప్పటికీ చెప్పగలను. ఈ గుణం వల్ల చుట్టాల్లో నాకు పెద్దగా స్నేహితులు లేరు.)

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో ఒక మాట జలుబులా అందరికీ అంటుకుంది. ఆ మాట ‘ఆటోమేటిక్’. నీళ్ళ మోటారు ఆటోమేటిక్ అన్నారు, ట్యాంకు నిండి పొర్లి నీళ్ళు మెట్ల మీదుగా మా వంటింట్లోకి వచ్చేవి. గేటు ఆటోమేటిక్ అన్నారు, దాన్ని తెరవడానికి వాచ్‌మన్‌కు తోడు ఇంకో మనిషిని పెట్టారు. మనిషి చేయాల్సిన పనిని తప్పించుకోవడానికి పెట్టుకున్న ముద్దుపేరే అది అని నాకు అప్పుడే అనిపించింది. అనిపించింది గానీ అనలేదు. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లని, ఒకరి దగ్గర జీతానికి ఉన్నదాన్ని, నా మాట వినేదెవరు? అందుకే అప్పుడు అననిదంతా ఇప్పుడు మీ మీద పడేస్తున్నాను. ఓపిక పట్టండి.

నేను పని చేసింది ఒక మెస్సులో. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు గంపలో కోడిపిల్లల్లా ఉండే సందు అది. మెస్సు నడిపే ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్ళం, నాకు చుట్టమేమీ కాదు. వంట చేసేది మామ. ఆయనా చుట్టం కాదు గానీ మా పాలమూరు వైపు మనిషి, ఆ లెక్కన మామ. మా అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి, పొద్దున్నే చిక్కడపల్లి అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట కట్టుబడి పనికి పోయేవాళ్ళు. నేనూ రెండేళ్ళు నెత్తిమీద గుడ్డచుట్ట పెట్టుకుని ఇటుకలు మోశాను. ఆ తర్వాత మెస్సులో కూరగాయలు తరిగే పని దొరికింది. తరగడం నుంచి మెల్లగా కిటికీ దగ్గరికి వచ్చాను. వంటింటికీ, భోజనాల హాలుకూ మధ్య ఒక కిటికీ ఉండేది, దాని ముందు, వంటింటి వైపున, ఒక స్టూలు. ఆ స్టూలు మీద కూర్చున్న రోజున నన్ను కలెక్టరును చేసినంత సంబరపడ్డాను. (మూడు కాళ్ళు మంచివే, నాలుగోదాని కింద ఇటుక ముక్క ఉండేది. ఇటుక నన్ను పూర్తిగా వదల్లేదన్నమాట.)

మా వంటింట్లో ఒక ఆచారం ఉండేది. తినేవాళ్ళను పేరుతో కాదు, రకంతో పిలుచుకునేవాళ్ళం. మామకు ముఖాలు చూసే తీరిక లేదు. వచ్చింది ఏ రకమో తెలిస్తే చాలు, గరిటె ఎంత తీయాలో అంతే తీసేది. అన్నం గుంటలో సాంబారు పోసుకుంటూ పోసుకుంటూ ఆపడం తెలియనివాళ్ళు సాంబారుబావి. తిన్నంత తిని, ఇంకాస్త పచ్చడిని సంచిలోని డబ్బాలోకి జార్చుకునేవాళ్ళు పచ్చడిదొంగ. అయిదు నిమిషాల్లో తినేసి, పుస్తకం తెరిచి రెండు గంటలు గాలికింద కూర్చునేవాళ్ళు ఫ్యానుకిరాయి. ఉప్పు చాలదు, అప్పడం విరిగింది, నీళ్ళు చల్లగా లేవు అని కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా వంకలు పెట్టేవాళ్ళు మగపెండ్లోళ్ళు. కూరను వెలుతురుకు ఎత్తి పట్టి నూనె చూసేవాళ్ళు నూనెపోలీసు. పళ్ళు లేని పెద్దవాళ్ళు బోసినోరు, వీళ్ళకు అన్నం ఇంకొంచెం మెత్తగా, అప్పడం వద్దు. ఉల్లి తిననివాళ్ళకు మాత్రం పాపం ఏ పేరూ దొరక్క ఉల్లివద్దు అనే అనేవాళ్ళం. ఇంతే, ఏడు రకాలు. లోకంలో ఎనిమిదో రకం తినేవాడు పుట్టలేదని మామ నమ్మకం.

ఈ పేర్లు వంటింటి గడప దాటకూడదు. అదే నా ఉద్యోగం. హాల్లోకి ఒక ముసలాయన రాగానే నేను పొయ్యి వైపు వంగి ‘బోసినోరు ఒకటి’ అనేదాన్ని. పొగ లాగే ఫ్యాను మోతలో అది మామకు తప్ప ఎవరికీ వినపడేది కాదు. వెంటనే ఇటు తిరిగి, ‘కూసోండి సార్, మీకు మెత్తన్నం వస్తున్నది’ అనేదాన్ని. లోపలి మాట లోపలికి, బయటి మాట బయటికి. రోజంతా తల ఇటూ అటూ తిప్పడమే. మెడ నొప్పి వచ్చేది గానీ రెండేళ్ళలో ఒక్క మాట కూడా తప్పు వైపు జారలేదు. అది ఉద్యోగమని నేనూ అనుకోలేదు, పెద్దమ్మా అనుకోలేదు. ఊరికే కూర్చుంటదనే అనుకునేది.

మా మెస్సు పైన గదిలో ఒక కుర్రవాడు కిరాయికి ఉండేవాడు. హిమాయత్‌నగర్‌లో ఏదో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, అయినా నన్ను అక్కా అనేవాడు. ఏది అడిగినా ‘ఆటోమేటిక్ అక్కా’ అనే జవాబు వచ్చేది కాబట్టి నేను అతనికి ఆటోమేటిక్ తమ్ముడని పేరు పెట్టాను. (వంటింట్లో మాత్రమే.) పక్క సందు మెస్సులో చీటీలు కొట్టే మిషన్ పెట్టారని తెలిసిన రోజు నుంచి పెద్దమ్మకు నిద్ర లేదు. ఆ సంగతి పసిగట్టి ఇతను దిగి వచ్చాడు. ‘పెద్దమ్మా, గసొంటిది నేను జేసిస్త. ఇంకా మంచిది. మనిషి రాంగనే తెర మీద బొమ్మ నొక్కుడు, ఒక చీటీ వంటింట్ల పడుతది, ఒకటి తినెటోళ్ళ చేతిల పడుతది. అరుసుడు లేదు, పరేషాన్ లేదు.’

పెద్దమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇష్టం లేదు. ‘మరి మిషన్ గిట్ల అన్నీ జేస్తె కిటికీ కాడ మనిషెందుకే?’ అంది. ‘నిన్ను గిన్నెల కాడ పెడ్తనో ఏం జేస్తనో, జూద్దాం. ముందుగాల మిషన్ కుదరనీ.’ గిన్నెలు కడిగే దగ్గర అప్పటికే ఇద్దరున్నారు. అక్కడ మూడో మనిషి గతి ఏమవుతుందో పెద్దమ్మకు తెలియదు, నాకు తెలుసు. గిన్నెల దగ్గర నుంచి ఆరు నెలల్లో అడ్డా మీదికి, అడ్డా మీద నుంచి ఇటుకల కిందికి. దారి నాకు కొత్త కాదు.

ఆ మధ్యాహ్నమే తమ్ముడు నాకు పాఠం పెట్టాడు. పోపుల డబ్బా తెప్పించి మూత తీశాడు. ‘అక్కా, గిండ్ల ఏడు గిన్నెలున్నయ్ గదా. మనిషి వచ్చిండంటే ఈ ఏడింట్ల ఒక్కదాంట్లనే పడాలె. రెండింట్ల పడడు, డబ్బా బయట పడడు. కొన్ని గిన్నెలల్ల పేరుతోని ఒక అంకె గూడ ఉంటది. సాంబారుబావి అంటే ఎన్ని గరిటెలు, మగపెండ్లోళ్ళంటే ఎంతమంది. మా కంప్యూటర్ లాంగ్వేజిల గిట్లనే రాస్తం. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంటరు.’ నా పోపుల డబ్బాను నాకే విప్పి చూపించి, దానికి ఇంగ్లీషు పేరు పెట్టి, నేనేదో కొత్తగా నేర్చుకున్నట్టు నా ముఖం వైపు చూశాడు. ఆవాలకు జీలకర్రకు తేడా తెలియని మనిషి. (నిజంగానే తెలియదు. రెండు గిన్నెల్లోనూ వేలు పెట్టి, ఏది ఏదని అడిగాడు.)

‘మంచిగుంది. మరి చీటీ మీద పేరెట్ల పడుతది?’ అన్నాను.

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. ‘అగో, అసలు కత అదే. మిషన్ లోపల ఆ రకం ఉత్త గుర్తు, అక్షరాలు కాదు. చీటీ మీద పడాలంటే అక్షరాలు జెయ్యాలె. పాతకాలపోళ్ళు ఏం జేస్తరంటే ఒక్కో రకానికి ఒక్కో లైను చేత్తోని రాస్తరు. ఇదైతె ఇట్ల రాయి, అదైతె అట్ల రాయి. ఎంత తిప్పలు. నేను గట్ల రాయ. రకాల జాబితా కింద ఒకే ఒక్క మాట తగిలిస్త. ఆ గిన్నె పేరు ఏముందో జూసి మిషనే అక్షరాలు జేసుకుంటది.’

‘ఆటోమేటిక్,’ అన్నాను.

‘ఆటోమేటిక్ అక్కా,’ అన్నాడు సంతోషంగా. ఎగతాళి తగిలే చోటు అతని ఒంట్లో ఎక్కడా లేదు.

‘గిన్నె పేరంటే మనం లోపట అనుకునే పేరేనా?’

‘మరింకేం పేరుంటది?’

‘బయట చీటీ మీద గూడ గదేనా?’

‘చీటీ ఏదైతేంది అక్కా. పేరు పేరే.’

ఇక్కడ నన్ను మీరు కాస్త తిట్టుకోవచ్చు. నాకు అర్థమైంది. ఏడో తరగతి సగం చదివినదానికి ఆ క్షణంలోనే అర్థమైంది, బోలెడు చదివినవాడికి కాలేదు. ఇంట్లో పిలుచుకునే పేరూ, బయట పిలిచే పేరూ ఒకటి కాదని మా బస్తీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఒక్క మాట చెప్తే పోయేది. చెప్పలేదు. పడనీ, బోర్లా పడనీ, నా స్టూలు లాక్కోవడానికి వచ్చినవాడు అందరి ముందూ పడనీ అనుకున్నాను. అతను పడితే నేను కూర్చున్న స్టూలు కూడా ఆ పక్కనే ఉందని మాత్రం తోచలేదు. తెలివి అంతవరకే పనిచేసింది. ఏడు పేర్లూ దగ్గరుండి, రుచి చూపించి మరీ చెప్పాను. అతను ఆ తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో సందు లేకుండా కలిపి కొట్టుకున్నాడు. తర్వాత మామను పక్కకు పిలిచి, ఇంకేమైనా రకం ఉందా అని అడిగాడు. మామ ఏదో చెప్పాడు, ఇద్దరూ ఒకసారి నా వైపు చూశారు. ఉల్లిపాయల బుట్ట కావాలేమో అనుకుని నేను తల తిప్పుకున్నాను.

మిషన్‌ను మూడు రోజులు పరీక్ష చేశాడు. ఎక్కడ చేశాడనుకున్నారు? వంటింట్లో. చీటీ పడడం, మామ కూడబలుక్కుని చదవడం, ‘సాంబారుబావి రెండు, అచ్చం కరెక్టుగ వచ్చింది బిడ్డా’ అని తొడ చరుచుకోవడం. లోపలి పేరు లోపలివాళ్ళకు చూపించి, వాళ్ళు మెచ్చుకుంటే పరీక్ష పాసైనట్టు. ఇలాంటి పరీక్షలు మాకు పెట్టి ఉంటే నేనూ ఏడో తరగతి దాటేదాన్ని.

మొదలుపెట్టడానికి పెద్దమ్మ మంచి రోజు చూసింది. అదే రోజు నారాయణగూడ నుంచి ఒక కోచింగ్ సెంటర్ సార్ తన మనుషులతో భోజనానికి వస్తానన్నాడు. వంట నచ్చితే తన దగ్గర చదివే పిల్లలందరినీ మా మెస్సుకే పంపుతాడు. నచ్చకపోతే పక్క సందు ఉండనే ఉంది. పెద్దమ్మ కొత్త చీర కట్టింది. తమ్ముడు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని మిషన్ పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఎవరు ఏ రకమో నాకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి బొమ్మలు నొక్కే పని ఆ ఒక్క రోజుకు నాకే ఇచ్చారు. మిషన్ తెర మీద రకానికొక బొమ్మ: బకెట్టు బొమ్మ, జాడీ బొమ్మ, ఫ్యాను బొమ్మ. నేను నొక్కగానే ఒక చీటీ లోపల పడుతుంది, రెండోది హాలు వైపు పెట్టె నోట్లోంచి తినేవాళ్ళ చేతిలోకే పోతుంది. నా కంటికి కనపడదు.

మొదట వచ్చింది మేం తాత అని పిలుచుకునే ముసలాయన. పాత స్కూలు మాస్టారు. చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్లన్నీ చదివి నేరుగా భోజనానికి వచ్చేవాడు. ఏది కనపడినా చదవడం ఆయన జబ్బు, పప్పు పొట్లం కట్టిన కాగితం కూడా వదలడు. చీటీ చేతిలో పడగానే కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కో అక్షరం కలుపుకుంటూ, వినపడేట్టే చదివాడు. ‘బో... సి... నో... రు.’ చీటీ తిప్పి వెనక వైపు చూశాడు. మళ్ళీ ముందు వైపు చూశాడు. ‘ఇది నా గురించేనా అమ్మా?’

‘మిషన్ సార్. మిషన్ కొట్టింది,’ అన్నాను.

‘మిషన్‌కు నా నోరు సంగతి ఎట్ల తెలిసింది?’

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ‘ఉన్నమాటే రాసింది లే. అన్నం మెత్తగ పంపు,’ అని వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తమ్ముడు బోర్లా పడాలని కోరుకున్నాను గదా. ముందు పడింది తాత.

ఆపుదామంటే ఎట్లా ఆపాలో తెలియదు. ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. నొక్కకపోతే లోపల మామ అరుస్తాడు, నొక్కితే బయట చీటీ పడుతుంది. ఇద్దరు పిల్లలు తమ చీటీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ‘అరె, నాది సాంబారుబావి నాలుగు. నీదెంత?’ ‘నాది రెండేరా.’ ‘అయితె నువ్వు చిన్న బాయివి.’ వాళ్ళిద్దరికీ సిగ్గు లేకపోవడం నాకు ఆ రోజు కలిగిన మొదటి అదృష్టం. రెండో అదృష్టం లేదు. ఫ్యానుకిరాయి అని వచ్చిన పిల్లవాడు చీటీ చదివి, లేచి వెళ్ళి ఫ్యాను స్విచ్చు ఆపి, మళ్ళీ వచ్చి పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. పౌరుషం అతనిది, చెమట హాలందరిదీ. ఒక మూల టేబులు దగ్గర పెద్దమనిషి ఒకాయన చీటీ చూసి, సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి టేబులు మీద పెట్టి, దాన్ని రెండు వేళ్ళతో అవతలికి నెట్టాడు. అది ఏ చీటీయో మీకు చెప్పక్కర్లేదు.

తమ్ముడి ముఖం చొక్కా కంటే తెల్లగా అయింది. నా చెవి దగ్గరికి వచ్చి, ‘అక్కా, లోపటి పేర్లు బయటికి పోతున్నయ్,’ అన్నాడు.

‘పోవా మరి. నువ్వే గదా, చీటీ ఏదైతేంది అన్నవ్.’

‘నీకు ముందే తెలుసా?’

నేను మిషన్ తెర వైపు తిరిగాను. అతను ఇంకా ఏదో అనబోయాడు గానీ అప్పటికే గుమ్మంలో కోచింగ్ సారు, ఆయన వెనక అయిదుగురు. కూర్చోకముందే టేబులు మీద వేలితో గీసి, ఆ వేలిని చూసుకున్నాడు. ఆ ఒక్క గీతతో ఆయన రకం తేలిపోయింది. నా చెయ్యి అలవాటు కొద్దీ వెళ్ళి పందిరి బొమ్మ నొక్కి, ఆరు అంకె కొట్టేసింది. చెయ్యి కూడా ఆటోమేటిక్ అయిపోయిందన్నమాట.

సారు చీటీని దూరంగా పట్టుకుని చదివాడు. ‘మగపెండ్లోళ్ళు ఆరు.’ హాలు మొత్తం తినడం ఆపింది. ‘మేం భోజనం చూద్దామని వచ్చినం. ఈ మగపెండ్లోళ్ళెవరు?’

పెద్దమ్మ కొత్త చీర కొంగు సర్దుకుంది. తమ్ముడు మిషన్ వెనక్కి జరిగాడు. నేను స్టూలు దిగాను. దిగి, కిటికీ పక్క తలుపులోంచి హాల్లోకి వచ్చాను. రెండేళ్ళలో భోజనాల వేళ హాల్లో నిలబడడం అదే మొదటిసారి. నా కాళ్ళకు చెప్పులు లేవని అప్పుడే గుర్తొచ్చింది.

‘మీరే సార్,’ అన్నాను. ‘పెండ్లిల మగపెండ్లోళ్ళ బంతికి ఎట్ల వడ్డిస్తరు? ముందుగాల వాళ్ళకే, వేడివేడిగ, అడగకముందే. లోపలోళ్ళకు గట్ల చెప్పుకునే గుర్తు అది. మీరు వస్తున్నరని పొద్దుగాల నుంచి ఎదురుచూస్తున్నం.’

ఆయన కళ్ళు చిన్నవి చేసి చూశాడు. ‘అంతేనా? వంకలు పెడ్తమని కాదు గదా?’

‘వంక దొరికేటట్టు మేం పెట్టం సార్.’

వెనక వచ్చిన అయిదుగురిలో ఒకాయన దగ్గినట్టు నవ్వాడు. సారు కూర్చున్నాడు. కూర్చుని, మొదటి ముద్దకే పప్పులో ఉప్పు తక్కువన్నాడు, రెండో ముద్దకు అప్పడం మెత్తబడిందన్నాడు. మా రకాల డబ్బా ఎంత నిఖార్సైనదో అందరికీ రుజువైంది. అయినా మామ నిజంగానే మగపెళ్ళివారికి వడ్డించినట్టు వడ్డించాడు. లేచేటప్పుడు సారు నావైపు చూసి, ‘వచ్చే వారం నుంచి పిల్లలొస్తరు. వాళ్ళకు ఏం చీటీ ఇస్తరో చూస్త,’ అని వెళ్ళిపోయాడు.

మూడు గంటలకు హాలు ఖాళీ అయ్యాక పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కింది. ‘నీ మిషన్‌ను పైకి తీస్కపో బాబూ. ఇంకో మెస్సు దొరికిందాక నీ మంచం పక్కల పండవెట్టుకో.’ తమ్ముడు బతిమాలాడు. ‘ఒక్క పూట టైమియ్యి పెద్దమ్మా. మిషన్ల తప్పు లేదు. నేను చేత్తోని రాయాల్సింది రాయలే.’ ఆ ఒక్క మాట అన్నందుకు అతని మీద నాకున్న కోపంలో సగం పోయింది. మిగిలిన సగం ఎక్కడికి పోయిందో ఇప్పుడు చెప్తాను.

నా పక్కన నేల మీదే కూర్చుని కంప్యూటర్ ఒడిలో పెట్టుకున్నాడు. ‘లోపటి పేరు అట్లనే ఉండనిద్దం, మామకు అదే కావాలె. బయటికి ఏమని రావాల్నో నువ్వు చెప్పు, నేను ఒక్కో లైను రాస్త.’ పాతకాలపోళ్ళ తిప్పలు అన్నాడే, అదే. సాంబారుబావికి సాంబారు ప్రియులు అని చెప్పాను. ఫ్యానుకిరాయికి చదువుకునేవారు, నూనెపోలీసుకు నూనె తక్కువ, మగపెండ్లోళ్ళకు అతిథులు. పచ్చడిదొంగ దగ్గర కాసేపు ఆగిపోయాను. చివరికి పార్సిల్ పచ్చడితో అన్నాను. (అడిగి తీసుకునే దారి చూపిస్తే దొంగతనం ఎందుకు చేస్తారు? మర్నాటి నుంచి ఆయన డబ్బా మూత తీసి ధైర్యంగా ముందు పెట్టేవాడు.) బోసినోరుకు మాస్టారు అని రాయమన్నాను. పళ్ళు లేని ముసలివాళ్ళందరూ మాస్టార్లు కారు కదా అక్కా అన్నాడు. రాయమన్నాక రాయి అన్నాను. ఉల్లివద్దు అట్లాగే ఉంది. అది ఒక్కటే లోపలా బయటా ఒక్కలాగా బతికే రకం.

‘అయిపోయిందా?’ అన్నాను.

‘అయిపోయింది,’ అని ఏదో నొక్కి, ముఖం ముడుచుకున్నాడు. ‘అయిపోలే అంటది మిషన్. ఒక రకానికి బయటి పేరు రాయలేదంట. అన్నిటికీ రాసేదాక ఒప్పుకోదు.’ నా జీవితంలో ఏ మిషన్‌నైనా మెచ్చుకున్నానంటే ఆ ఒక్కసారే. ఎవరిని మర్చిపోయామో అది లెక్క పెట్టుకుని ఉంది.

‘ఏడూ చెప్పిన గదా. ఇంకా ఏముంది?’

అతను నా వైపు చూడకుండా చెప్పాడు. ‘ఏడు నువ్వు చెప్పినవ్. ఎనిమిదోది మామ చెప్పిండు. లోపట అందరం తినేటప్పుడు నిన్ను అట్లనే అంటరంట.’

‘ఏమని?’

‘మిగిల్తే.’

గిన్నెలు కడిగే చప్పుడు ఆగింది. మామ పొయ్యి దగ్గర ఏదో వెతుక్కుంటున్నట్టు వంగాడు. నిజమే. కిటికీ వదలడానికి లేదు కాబట్టి అందరూ తిన్నాకే నా భోజనం. కూర మిగిల్తే కూర, లేకపోతే మజ్జిగ. ‘ఆ పిల్లకు?’ అని ఎవరైనా అడిగితే ‘మిగిల్తే’ అనడం నేనూ విన్నాను గానీ అది జవాబు అనుకున్నాను, నా పేరని అనుకోలేదు. ఊరందరి పేర్లూ నోటికి వచ్చినదానికి తన పేరు తెలియలేదు. అప్పుడు తాత గోడ వైపు ఎందుకు తిరిగి కూర్చున్నాడో నాకు తెలిసింది. తమ్ముడి మీద మిగిలిన సగం కోపం అప్పుడే పోయింది. పోయి ఎవరి మీదికి రావాలో వాళ్ళ మీదికి, అంటే నా మీదికే, వచ్చింది.

‘బయటికి ఏం రాయాలె అక్కా?’ అన్నాడు తమ్ముడు మెల్లగా.

అందరికీ చిటికెలో మర్యాద పేర్లు అల్లినదాన్ని, నా దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ తట్టలేదు. మేనేజరు అనిపించింది, నవ్వొచ్చింది. మేడం అనిపించింది, సిగ్గేసింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి వింటూనే ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని కడుపు గుర్తు చేసింది. ఇక ఆలోచించలేదు.

‘ఫుల్ మీల్స్ అని రాయి,’ అన్నాను.

రాశాడు. మిషన్ ఈసారి గొణగకుండా ఒప్పుకుంది. చీటీ కొట్టి నా చేతిలో పెట్టాడు. పెద్దమ్మ మాటలతో మంచి చేసే మనిషి కాదు. ‘నొక్కేది ఆ పిల్లే, మాట్లాడేది ఆ పిల్లే. మిషన్ను కిటికీ పక్కకు జరుపు,’ అని మాత్రం తమ్ముడితో అంది. మర్నాటి నుంచి పొయ్యి పక్క ఒక గిన్నెలో అన్నం, కూర మూతపెట్టి ఉండేవి. ఎవరు పెట్టారని నేను అడగలేదు. (మామ పెడితే మూత పెట్టడం మర్చిపోయేవాడు. మూత ఉంది కాబట్టి పెద్దమ్మే.) మరుసటి వారం కోచింగ్ పిల్లలు వచ్చారు. సగానికి సగం సాంబారుబావులే. తాతకు ‘మాస్టారు’ అని చీటీ వచ్చిన రోజు దాన్ని కూడా నాలుగు మడతలు పెట్టి అదే జేబులో వేసుకున్నాడు. పాతది తీసి పారేశాడో లేదో నాకు తెలియదు. నాకు తెలియనిది అదొక్కటే.

ఇప్పుడు దోమలగూడలో నాకే ఒక చిన్న కర్రీ పాయింట్ ఉంది. బిల్లు మిషన్ అమ్మడానికి వచ్చిన మనిషిని, ‘లోపటి పేరు వేరే, బయటి పేరు వేరే పెట్టుకోవచ్చా?’ అని అడిగాను. ‘అన్నీ ఆటోమేటిక్ మేడం,’ అన్నాడు. కుర్చీ వేసి, టీ పోసి, నెమ్మదిగా పంపించేశాను. ఆ ఫుల్ మీల్స్ చీటీ మా ఇంట్లో పోపుల డబ్బా మూతకు లోపలి వైపు అతికించి ఉంటుంది. ఆ రకం కాగితం మీద అక్షరాలు నిలవవు, వేడికి ఎప్పుడో వెలిసిపోయాయి. చూసినవాళ్ళకు అదొక తెల్ల కాగితం ముక్క. తాలింపు పెట్టేటప్పుడల్లా నేను మాత్రం దాన్ని చదువుకుంటాను. మిషన్ మర్చిపోయింది, నేను మర్చిపోలేదు. స్టూలు కింద ఇటుక ముక్క పెట్టుకుని, లోకంలో అందరి రకాలూ తనకు తెలుసనుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి, ఆవాలు చిటపటలాడేదాకా నవ్వుకుంటాను.

ఇక లేవండి, పొద్దుపోతున్నది. మీ ఇంట్లో పొయ్యి చల్లారకుండా ఉండాలి, మీ గిన్నెలకు మూతలు సరిపోవాలి. మీ ఇంట్లో అందరి తర్వాత తినే మనిషి ఎవరైతే ఉన్నారో, వాళ్ళకు ప్రతి పూటా కూర మిగలాలి. మిగలడం కాదు, ముందే తీసిపెట్టి ఉండాలి.